గెట్జ్/జిల్బెర్టో ఆల్బమ్ లాబీ మ్యూజిక్ లాగా అనిపిస్తోందా? ముందు గిటార్ బొటనవేలు వినండి

మీరు అడిగింది ఇదీ: కొత్తగా జాజ్ వింటున్నా, అందరూ ముందు గెట్జ్/జిల్బెర్టో వినమంటున్నారు, రెండుసార్లు పూర్తిగా విన్నా, బాగానే ఉంది గానీ పెద్ద హోటల్ లాబీలో సన్నగా వేసే మ్యూజిక్ లాగే ఉంది, దీనికి అంత పేరెందుకు, నేను వినడంలోనే ఏమైనా తేడా ఉందా అని. నేను ఇరవై రెండేళ్లుగా నైలాన్ తీగల గిటార్ వాయిస్తున్నానండి, పిల్లలకి నేర్పిస్తున్నా కూడా, ఈ ఆల్బమ్‌తో కూర్చున్నన్ని గంటలు ఇంకే రికార్డుతోనూ కూర్చోలేదు, అందుకే కొంచెం వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట, మీ చెవిలో ఏ తేడా లేదు. ఈ రికార్డుకి అరవై ఏళ్లుగా కాపీలు వస్తూనే ఉన్నాయి, లిఫ్టుల్లో, కాఫీ షాపుల్లో, ఫోన్ హోల్డ్‌లో పెట్టినప్పుడు, అన్నిచోట్లా దీని నీడే వినిపిస్తుంది, మనం ఆ నీడని వెయ్యిసార్లు విన్నాక అసలు దాని దగ్గరికి వస్తాం. మన ఇళ్లల్లో అయితే ఇంకా విచిత్రం, చాలామందికి బోసా నోవా (ఈ ఆల్బమ్‌లో ఉన్న బ్రెజిల్ సంగీతం పేరు ఇదే) అనే మాట మొదట తెలిసింది క్యాసియో కీబోర్డు మీద రిథమ్ బటన్‌గా. వాల్ట్జ్, రాక్, బోసా నోవా అని వరసగా ఉండేవి, నొక్కితే టిక్ టక టిక్ అని అదే పనిగా వచ్చేది. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఇప్పటికీ బోసా అంటే అదే అనుకుని వస్తారు. ఆ బటన్‌లో ఉన్నది కొలత మాత్రమే, ఆ కొలత లోపల మనిషి ఊపిరి ఎలా కదిలిందో వినాలంటే ఈ ఆల్బమ్ దగ్గరికే రావాలి.

ఎవరెవరు ఉన్నారో గబగబా చెప్పేస్తా. 1963 మార్చి 18, 19, రెండే రోజులు, న్యూయార్క్‌లో ఏ అండ్ ఆర్ స్టూడియో. టెనార్ సాక్సోఫోన్ స్టాన్ గెట్జ్, అమెరికన్, అప్పటికే పెద్ద పేరు. గిటార్, గొంతు జువావ్ జిల్బెర్టో, బ్రెజిల్‌లో బయ్యా రాష్ట్రం జువజైరో ఊరివాడు. పియానో ఆంతోనియో కార్లోస్ జోబిమ్, అందరూ టామ్ అంటారు, ఎనిమిది పాటల్లో ఆరు ఆయన కట్టినవే. డ్రమ్స్ మిల్టన్ బనానా, బేస్ సెబస్టియావ్ నేటో (మొదట్లో కవర్ మీద వేరే బేసిస్టు పేరు వేశారు). రెండు పాటల్లో ఇంగ్లిష్‌లో పాడిన అమ్మాయి ఆస్ట్రుడ్ జిల్బెర్టో, అప్పటికి జువావ్ భార్య. ప్రొడ్యూసర్ క్రీడ్ టేలర్, ఇంజనీర్ ఫిల్ రమోన్, వెర్వ్ లేబుల్. రికార్డ్ చేసిన ఏడాదికి, 1964 మార్చిలో గానీ బయటికి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. దాదాపు అందరూ దీన్ని సాక్సోఫోన్ ఆల్బమ్‌గా వింటారు, కవర్ మీద గెట్జ్ పేరే ముందుంది కదా అని. నా మాట విని ఒక్కసారి సాక్స్‌ని పక్కన పెట్టి వినండి. ఈ రికార్డుకి నడుం జువావ్ కుడిచెయ్యి. ఆ చెయ్యి వినపడటం మొదలయ్యాక ఇక లాబీ మ్యూజిక్ అనే మాట మీ నోటికి రాదు.

ఆ చెయ్యి ఏం చేస్తోందంటే, బొటనవేలు కింది స్థాయి తీగ మీద ఒకటి, రెండు, ఒకటి, రెండు అని నిదానంగా, ఎక్కడా తొణక్కుండా కొడుతూ ఉంటుంది. బ్రెజిల్‌లో రియో నగరంలో సాంబా (అక్కడి నాట్య సంగీతం) ఊరేగింపుల్లో సుర్దో అని పెద్ద డ్రమ్ ఉంటుంది, ఆ పని బొటనవేలు తీసుకుంది. మిగతా మూడు వేళ్లు మూడు తీగల్ని ఒకేసారి లాగి వదుల్తాయి, కానీ బొటనవేలుతో పాటు కాదు, సందుల్లో. అది తంబొరిమ్ అని చిన్న చేతి డ్రమ్ ఉంటుంది, దాని పని. అంటే వీధి మొత్తం నిండే సాంబా దళాన్ని ఒక్క చేతిలోకి కుదించేశాడు. మన తబలాతో పోల్చుకుంటే డగ్గా ఒక వేలికి, దాయా మూడు వేళ్లకి ఇచ్చి రెండూ ఒకే అరచేతిలో నడిపినట్టు. వినడానికి సులువుగా ఉంటుంది గానీ వాయించి చూస్తే తెలుస్తుంది, నాకైతే బొటనవేలు మిగతా వేళ్ల మాట వినకుండా తన పని తను చేసుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. నేర్పించేటప్పుడు కూడా మొదటి నెల కార్డులే (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఇవ్వను, ఒక్క బొటనవేలు, అంతే.

సరే అది చెయ్యి. దాని మీద గొంతు చూడండి. గొంతు ఆ చేతితో కలిసి నడవదు. ఒక లైన్ కాస్త ముందే ఎత్తుకుంటాడు, తర్వాతి లైన్ ఆలస్యంగా, ఒక్కోసారి మూడు మాటలు గబగబా చెప్పేసి నాలుగో మాట కోసం ఆగుతాడు, ఈలోగా బొటనవేలు మాత్రం ఒకటి, రెండు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి అతీత, అనాగత గ్రహాలు తెలుసు కదా, తాళం కంటే ముందు ఎత్తుకోవడం, తాళం పడ్డాక ఎత్తుకోవడం, అక్కడ పాటకి ఎత్తుగడ ఒకసారి ఖాయమైతే అదే ఉంటుంది. జువావ్ అయితే చరణానికీ చరణానికీ ఎత్తుగడ మార్చేస్తాడు, అదే లైన్ రెండోసారి వచ్చినప్పుడు వేరేచోట పడుతుంది. గొంతు, గిటార్ రెండూ ఒకే మనిషివి అని మర్చిపోయి వింటే ఇద్దరు స్నేహితులు పక్కపక్కన నడుస్తూ ఒకరు కాస్త ముందుకెళ్లి ఆగినట్టు ఉంటుంది. ఇంత జరుగుతున్నా గొంతు పెంచడు, వణికించడు, గమకం లాంటిది దాదాపు ఉండదు, మైక్ దగ్గర మాట్లాడినట్టే పాడతాడు. అందుకే పైపైన వింటే ఏమీ జరగనట్టు ఉంటుంది. జరిగేదంతా కాలంలో జరుగుతుంది, వాల్యూమ్‌లో కాదు.

ఈ పద్ధతి ఊరికే రాలేదండి. కుర్రాడిగా రియోకి వెళ్లి ఒక గాయక బృందంలో చేరాడు, అక్కడినుంచి తీసేశారు, అప్పట్లో ఆయన కూడా పెద్ద గొంతుతో పాడేవాడే. తర్వాత కొన్నేళ్లు ఎక్కడా నిలదొక్కుకోలేక, 1950ల మధ్యలో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో జియమంతీనా అనే కొండ ఊళ్లో అక్క ఇంట్లో ఉండిపోయాడు. ఆ ఇంట్లో బాత్రూంలో కూర్చుని గంటలు గంటలు గిటార్ వాయించేవాడు, పలకల గోడలకి శబ్దం తిరిగొచ్చి చిన్న గొంతు కూడా నిండుగా వినిపిస్తుందని. నేననుకునేది, ఆ గదిలోనే ఆయనకి అర్థమైంది, గొంతు తగ్గిస్తే దాన్ని కాలంలో అటూ ఇటూ జరపడం తేలికవుతుందని. బరువుగా పాడేవాడు మాటని అంత చురుగ్గా కదపలేడు. 1958లో షేగా జి సౌదాజి అనే పాట రికార్డయ్యాక బ్రెజిల్ గిటారిస్టులందరూ ఆ కుడిచెయ్యి ఎలా పనిచేస్తోందో కనుక్కునే పనిలో పడ్డారు.

ఇక మీరు, నేను, అందరం విన్న ఇపనీమా పాట, ఆల్బమ్‌లో మొదటిది, ది గర్ల్ ఫ్రమ్ ఇపనీమా. రియోలో ఇపనీమా తీరాన నడిచి వెళ్లే అమ్మాయిని చూస్తూ ఉండిపోయే మనిషి పాట. జోబిమ్ స్వరం, వినీసియస్ జి మొరాయిస్ మాట, 1962. కర్ణాటక సంగీతం కొంచెం వచ్చినా చాలు, దీని లోపలికి వెళ్లొచ్చు. పాటకి ఏ కార్డు ఇల్లో దాని మూలస్వరాన్ని సా అనుకోండి. పల్లవి మొదలయ్యేది రి ని ని ద, రి ని ని ని ద. రి పైది, ని, ద దాని కిందవి, శంకరాభరణం స్వరాలే. గమనించారా, సా లేదు! పాట ఇంట్లోనే మొదలవుతుంది గానీ ఇంటి గడప మీద కాలు పెట్టదు, చుట్టుపక్కలే తిరుగుతుంది. ఆ మొదటి క్షణంలోనే మనకి తెలియకుండా ఏదో తేలుతున్నట్టు అనిపించేది అందుకే.

తర్వాత రెండు బార్లు (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) స్వరం అదే, రి ని ని ద, మార్పేం లేదు. కానీ కింద కార్డు మారిపోతుంది, ఇప్పుడు బేస్, అంటే అన్నిటికంటే కింది స్వరం, రి మీదకి వెళ్లింది. అంటే ఇందాక బయట తిరుగుతున్న రి ఇప్పుడు ఇల్లయిపోయింది, మన గ్రహభేదం లాంటిదే, పాడేవాడు కదలకుండా కింద నేల కదిలింది. పైగా ఆ కార్డు లోపల ప్రతి మధ్యమం ఉంది, శంకరాభరణంలో లేని స్వరం, ఒక్కసారిగా కాస్త వెలుగు పడ్డట్టు ఉంటుంది. ఆ తర్వాతి బార్‌లో బేస్ అక్కడే ఉంటుంది, ఆ ప్రతి మధ్యమం మాత్రం శుద్ధ మధ్యమంగా దిగుతుంది, వెలుగు తగ్గుతుంది, ఆపైన బేస్ శుద్ధ రిషభం మీదుగా సా లోకి జారుతుంది. ఇదంతా ఎనిమిది బార్లు. కీబోర్డు ఉంటే ఎఫ్ మేజర్ సెవెన్, జీ సెవెన్, జీ మైనర్ సెవెన్, జీ ఫ్లాట్ సెవెన్, మళ్లీ ఎఫ్, నిదానంగా నొక్కి చూడండి (రికార్డులో పాడింది డీ ఫ్లాట్‌లో, నేర్చుకోవడానికి ఎఫ్ తేలిక). హార్మొనీ అంటే ఏంటి సార్ అని అడిగిన ప్రతి పిల్లాడికీ నేను ఈ నాలుగు కార్డులే వాయిస్తా, స్వరం మారకుండా దాని అర్థం ఎలా మారుతుందో ఇంత చిన్న జాగాలో చూపించే పాట నాకు ఇంకోటి దొరకలేదు.

మధ్యలో భాగం అయితే ఏకంగా సా నే అర స్వరం పైకి జరిపేసి మొదలవుతుంది, అక్కడినుంచి ఒకే రకం స్వరాల వరస మూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త పైనుంచి వస్తుంది. పోర్చుగీస్‌లో ఆ చోట మాట, నేనెందుకింత ఒంటరిగా ఉన్నాను, అన్నీ ఎందుకింత దిగులుగా ఉన్నాయి అని. స్వరం ఎక్కేకొద్దీ ఆ అడగడం ఎక్కువవుతుంది, గొంతు మాత్రం పెరగదు. ఇంగ్లిష్ మాటలు నార్మన్ గింబెల్ రాశాడు, బాగా రాశాడు గానీ అందులో ఆ ఒంటరితనం సగం పోయిందని నా అభిప్రాయం. పైగా ఆస్ట్రుడ్ ఆడమనిషి కాబట్టి, నేను చూస్తున్నా అనే చోట అతను చూస్తున్నాడు అని మార్చి పాడింది. దాంతో పాట దూరంగా నిలబడి ఇద్దరినీ చూస్తున్నట్టయింది, ఈ మార్పు వల్ల ఒక అందం కూడా వచ్చింది, అది కాదనలేను.

గెట్జ్ గురించి తక్కువ చేసి మాట్లాడుతున్నా అనుకోవద్దు. ఆయన సాక్స్‌లో గాలి వినిపిస్తుంది, స్వరం పుట్టే ముందు ఊపిరి తాకిన శబ్దం, ఓ గ్రాంజి అమోర్ అనే పాట హెడ్‌ఫోన్స్‌లో వింటే మీ పక్కనే కూర్చుని ఊదుతున్నట్టు ఉంటుంది. 1962లో గిటారిస్టు చార్లీ బర్డ్‌తో కలిసి వాషింగ్టన్‌లో ఒక చర్చి హాల్లో జాజ్ సాంబా అనే ఆల్బమ్ చేశాడు, అది అమెరికాలో నంబర్ వన్ దాకా వెళ్లింది, ఆ ఊపులోనే ఈ రికార్డింగ్ కుదిరింది. ఆ జాజ్ సాంబాని దీని పక్కన పెట్టి వింటే నేను చెప్పేది తేలిపోతుంది, దెసఫినాదో అనే పాట రెండింట్లోనూ ఉంది, మొదటిదాంట్లో రిథమ్ వాళ్లు సాంబాని బయటినుంచి పట్టుకుని ఉరుకుతున్నారు, రెండోదాంట్లో ఈ పద్ధతిని పుట్టించిన వాళ్లే నడిపిస్తున్నారు, మిల్టన్ బనానా డ్రమ్ముల్ని ముట్టుకున్నట్టే ఉండదు.

అయితే ఇద్దరికీ అభిప్రాయాలు కలవలేదు, అది రికార్డులోనే తెలుస్తుంది. గెట్జ్‌కి పోర్చుగీస్ రాదు, జువావ్‌కి ఇంగ్లిష్ రాదు, మధ్యలో జోబిమ్. స్టూడియోలో జువావ్ విసుగొచ్చి, ఈ తెల్లాయన బుర్రలేనివాడని చెప్పు అంటే, జోబిమ్ దాన్ని, మీతో రికార్డ్ చేయాలని ఎప్పటినుంచో కలగన్నాడట అని తిప్పి చెప్పాడని బ్రెజిల్‌లో అందరూ చెప్పుకునే కథ. అది అచ్చంగా అలాగే జరిగిందో లేదో గానీ గొడవ దేని మీదో పాటల్లో ఉంది. జువావ్‌కి శబ్దం ఇంకా తగ్గాలి, గెట్జ్‌కి సోలో వచ్చినప్పుడు ఎగరాలి. సో దాన్సో సాంబాలో సాక్స్ ఎలా గట్టిగా లేస్తుందో, దాని కింద గిటార్ ఎలా ఒక్క గింజంత కూడా పెరగకుండా ఉంటుందో వినండి. నేను మొదట్లో గెట్జ్ మీద కోపం తెచ్చుకునేవాణ్ణి, ఇప్పుడు ఆ రెండిటి మధ్య బిగువు లేకపోతే ఆల్బమ్ మరీ మెత్తగా అయిపోయేదేమో అనిపిస్తుంది.

దెసఫినాదో అంటే శ్రుతి తప్పిన అని అర్థం. నేను శ్రుతి తప్పి పాడతానంటే నాకు బాధేస్తుంది ప్రియా, నీ అంత చెవి అందరికీ ఉండదు కదా అని ప్రేయసికి చెప్పుకునే పాట. మీకు పాటలో ఎక్కడైతే స్వరం పక్కకి జారిందే అనిపిస్తుందో అక్కడ అది తప్పు కాదు, జోబిమ్ కావాలని పెట్టిన స్వరం, కింద కార్డు దానికి సరిగ్గా సరిపోయేలా ఉంటుంది. దాన్ని అంత తేటగా తాకాలంటే ఎంత శ్రుతి జ్ఞానం ఉండాలో పాడి చూస్తే తెలుస్తుంది.

ఆస్ట్రుడ్ సంగతి చెప్పకుండా ఈ ఆల్బమ్ గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. ఆ రోజుకి ఆమెకి 22 ఏళ్లు, అంతకుముందు వృత్తిగా పాడలేదు, ఇంగ్లిష్ వచ్చు. ఇంట్లో భర్తతో పాడుతూ ఉండేది, ఆ సెషన్‌లో ఇంగ్లిష్ చరణం ఆమె పాడింది. ఆల్బమ్ బయటికొచ్చినప్పుడు కవర్ మీద ఆమె పేరు లేదు. తర్వాత ఇపనీమాని సింగిల్‌గా (ఒక్క పాట విడి రికార్డుగా) వేసేటప్పుడు పాట పొడవు తగ్గించాలని జువావ్ పోర్చుగీస్ గొంతు మొత్తం కోసేసి ఆమె గొంతు, గెట్జ్ సాక్స్ ఉంచారు, అది అమెరికాలో 5వ స్థానం దాకా వెళ్లింది. ఆమెకి ముట్టింది సెషన్ ఫీజు ఒక 120 డాలర్లు అని చెప్తారు, రాయల్టీ లేదు. ఆమెని కనిపెట్టింది నేనంటే నేనని చాలామంది మగవాళ్లు తర్వాత ముందుకొచ్చారు. నిజానికి ఆ గొంతుని ఎవరూ తయారుచెయ్యలేదు, వినండి, ఏ అలంకారం లేకుండా, స్వరాన్ని తిన్నగా తాకి వదిలేస్తుంది, శిక్షణ తీసుకున్న గాయని ఎవరైనా అక్కడ కనీసం ఒక చిన్న వణుకైనా పెట్టేది. ఆమె 2023 జూన్‌లో పోయారు, ఆ రోజు నేను క్లాసులో పిల్లలకి వేరే ఏం చెప్పలేదు, ఈ ఆల్బమ్‌లో ఆమె పాడిన రెండో పాట కోర్కోవాడో వేసి కూర్చున్నాం.

అంత పేరెందుకు అని అడిగారు కాబట్టి అవార్డులూ చెప్తా, 1965 గ్రామీల్లో దీనికి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది, జాజ్ ఆల్బమ్‌కి ఆ అవార్డు రావడం అదే మొదలు, ఇపనీమా సింగిల్‌కి రికార్డ్ ఆఫ్ ది ఇయర్. ఇంజనీరింగ్‌కి కూడా వచ్చింది, అది నిజంగా రావాల్సిందే, ఇంత చిన్న శబ్దాల్ని 1963లో అంత దగ్గరగా పట్టడం మామూలు పని కాదు. అమ్మకాల్లో 2వ స్థానం దగ్గర ఆగింది, పైన బీటిల్స్ ఉన్నారు, 1964 కదా.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. వరసలో వినకండి. మొదటి పాట మీకు వంద చోట్ల విని అరిగిపోయింది కాబట్టి దాన్ని చివరికి పెట్టండి. రెండో పాట దోరాలిసితో మొదలుపెట్టండి, ఇది జోబిమ్‌ది కాదు, దొరివల్ కాయిమీ వాళ్ల పాత సాంబా, మూడు నిమిషాలు కూడా లేదు, గొంతు గిటార్ దోబూచులాట దీంట్లోనే అన్నిటికంటే బాగా తెలుస్తుంది. తర్వాత మూడోది, పారా మషుకార్ మెవ్ కొరసావ్, ఆరీ బరోజో రాసింది, పేరుకి అర్థం నా గుండెని నొప్పించడానికి అని, నిదానం పాట, ఇందులో గెట్జ్ జువావ్ మాట పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు అందుకుంటాడు, ఆల్బమ్ మొత్తంలో ఇద్దరూ నిజంగా ఒకరినొకరు విన్నది ఇక్కడే అని నాకనిపిస్తుంది. ఆ తర్వాత కోర్కోవాడో. రియోలో క్రీస్తు విగ్రహం ఉన్న కొండ పేరు అది, జోబిమ్ ఇంటి కిటికీలోంచి కనిపించేది. ఈ పాట పోర్చుగీస్‌లో మొదట ఒక సిగరెట్టు, ఒక గిటార్ అని మొదలయ్యేదట, జువావ్ ఒప్పుకోలేదు, సిగరెట్టు ఎందుకు మంచిది కాదు అని, దాంతో ఒక చిన్న మూల, ఒక గిటార్ అని మార్చారు. ఎంత మేలు జరిగిందో చూడండి, ఆ ఒక్క మాటతో పాటకి ఒక గది వచ్చింది.

ఇది పట్టాక జువావ్ 1973లో తన పేరుతోనే చేసిన ఆల్బమ్ వినండి, గిటార్, గొంతు, వెనక సన్నగా ఒక్క పెర్కషన్, దాదాపు అంతే. కానీ ముందే దాని దగ్గరికి వెళ్లకండి, ఖాళీగా అనిపిస్తుంది.

రాత్రి ఇంట్లో సద్దుమణిగాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దోరాలిసి వెయ్యండి. మీ బొటనవేలితో మోకాలి మీద ఆయన బొటనవేలు వెంట కొడుతూ ఉండండి, కళ్లు మూసుకుని గొంతు వినండి. ముప్పై నలభై సెకన్లలో మీ వేలు తాళం వదిలేసి గొంతు వెంట వెళ్లిపోతుంది, అందరికీ అలాగే అవుతుంది. తప్పిన చోట ఆపేసి మళ్లీ మొదటినుంచి వెయ్యండి. పాట చివరిదాకా తప్పకుండా కొట్టగలిగిన రోజు నాకు చెప్పండి, అప్పుడు ఇపనీమా గురించి మళ్లీ మాట్లాడుకుందాం.